సోమశిల డ్యామ్: కళ్ళారా చూడండి, నీళ్ళలోకి మాత్రం దిగకండి

ముందే ఒక సంగతి చెప్పేస్తా. మీరు రీల్స్‌లో చూసి మనసు పారేసుకున్న సోమశిల, అదే, నీలంగా పరుచుకున్న నీళ్ళు, మధ్యమధ్యలో పచ్చటి దిబ్బలు, ఒడ్డున కాటేజీలు, శ్రీశైలం దాకా వెళ్ళే లాంచీ, అది మా సోమశిల కాదు. అది తెలంగాణలో కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉంది, ఆ నీళ్ళు శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళు. మా సోమశిల నెల్లూరు జిల్లా అనంతసాగరం మండలంలో, పెన్న మీద. ఫోన్లో పేరు కొట్టి ఏది ముందు వస్తే దానికి బండి తిప్పేసేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా. మేం వెళ్ళిన రోజే తమిళనాడు నంబరు కారులో వచ్చిన కుర్రాళ్ళు కట్ట దగ్గర నిలబడి బోటింగ్ ఎక్కడని కనపడిన వాళ్ళందరినీ అడుగుతున్నారు. పాపం, వాళ్ళు అడిగే సోమశిలకి అక్కణ్ణించి మళ్ళీ ఒక పూటకి పైగా ప్రయాణం.

ఇక మా సోమశిల. నేను, మా ఆవిడ, పిల్లలు, ఒంగోలు నుంచి వచ్చిన మా అక్క, బావ, అందరం కలిసి వెళ్ళాం. నెల్లూరు నుంచి దాదాపు 80 కిలోమీటర్లు ఉంటుంది. బుచ్చిరెడ్డిపాలెం, సంగం, ఆత్మకూరు మీదుగా పోవాలి. ఆత్మకూరు దాకా రోడ్డు బ్రహ్మాండం, ఆ తరవాత పర్లేదు. దారిలో సంగం దగ్గర కాస్త పక్కకి తిరిగితే మేకపాటి గౌతమ్‌రెడ్డి బ్యారేజీ కనపడుతుంది, 2022 సెప్టెంబరులో ప్రారంభించారు. సెల్ఫీ దిగేసి వచ్చేయొచ్చు, అక్కడ అంతకన్నా పనేం లేదు. అయితే పిల్లలు అడుగుతారు, దీనికీ డ్యామ్‌కీ తేడా ఏంటని. బ్యారేజీ నీళ్ళని కాస్త పైకి లేపి కాలువల్లోకి మళ్ళిస్తుంది, డ్యామ్ నీళ్ళని నెలల తరబడి దాస్తుంది. ఈ మాత్రం చెప్తే చాలు, ముందుకు కదలొచ్చు.

సోమశిల దగ్గరికి వచ్చేసరికి వెలిగొండలు రెండు పక్కలా దగ్గరికి జరుగుతాయి. పెన్న ఆ కొండల్ని చీల్చుకుని మైదానంలోకి వచ్చే సందులో డ్యామ్ కట్టారు. పెన్న మీద ఉన్న వాటన్నిటిలోకీ పెద్ద రిజర్వాయర్ ఇదే, నిండితే 78 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు). ఆ నీళ్ళు వెనక్కి కడప జిల్లాలోకి ఎంతో దూరం పోతాయి, అటువైపు ఊళ్ళకి ఊళ్ళే దీని కింద మునిగాయి. నెల్లూరు డెల్టాలో రెండు పంటలు పండుతున్నాయంటే దాని వెనక ఆ ఊళ్ళ వాళ్ళు వదులుకున్న ఇళ్ళూ పొలాలూ ఉన్నాయి, ఈ సంగతి మా నెల్లూరోళ్ళకి చాలామందికి గుర్తుండదు.

చూడ్డానికి మాత్రం, నిజంగా చెప్తున్నా, డబ్బులిచ్చి చూసే చాలా చోట్లకన్నా నయం. పొద్దున తొమ్మిదిలోపు వెళ్ళారంటే ఎండ కొండల మీద ఏటవాలుగా పడుతుంటుంది. నీళ్ళు కాస్త తగ్గి ఉన్న రోజయితే ఇంకా మంచిది, ఎందుకంటే కొండల చుట్టూ ఒక పట్టీ కనపడుతుంది. పైన చెట్లు, కింద నీళ్ళు, మధ్యలో గడ్డి కూడా మొలవని ఎర్రటి బోడి నేల. నీళ్ళు అక్కడిదాకా వచ్చి దిగిపోయాయన్న గుర్తు అది. ఆ పట్టీలోనే వరసగా సన్నటి గీతలుంటాయి, మెట్టు మెట్టుగా. మట్టం దిగుతూ దిగుతూ కొన్నాళ్ళు ఒకచోట నిలబడితే అల కొట్టి కొట్టి ఒక గీత పడుతుంది, మళ్ళీ దిగితే ఇంకొకటి. మా చిన్నోడు అక్కడే కూర్చుని లెక్కపెట్టడం మొదలెట్టాడు. పూర్తి మట్టం 330 అడుగులు, అంటే సముద్రమట్టం నుంచి. ఇక్కడి లోతు అనుకుని గాభరా పడకండి.

మా బావకి ఇవేం పట్టలేదు. గేట్ల వంకే చూస్తున్నాడు. ఒంగోలాయన కదా, గేట్లంటే భయం. "ఒరేయ్ బామ్మర్దీ, మీకు ఎన్నున్నాయిరా" అన్నాడు. పన్నెండు బావా అన్నా. "మాకు పదిహేను ఉండేవి, ఒక్కోటి ఒక్కో ఏడు పోయింది" అన్నాడు. నవ్వుకున్నాం గానీ అది నవ్వే సంగతి కాదు. ఒంగోలు పక్కనే మద్దిపాడు మండలం మల్లవరం దగ్గరున్న గుండ్లకమ్మ రిజర్వాయర్‌లో 2022 ఆగస్టు చివర్లో ఒక గేటు కొట్టుకుపోయింది. దాని పని పూర్తవకముందే 2023 డిసెంబరులో, మిచాంగ్ తుపాను వచ్చిన వారంలోనే, ఇంకోటి పోయింది. ఆయకట్టు రైతులు చూస్తుండగానే నీళ్ళు సముద్రం పాలయ్యాయి. 2008లో మొదలైన ప్రాజెక్టు అది, ముసలిదేం కాదు. 2021 ఆగస్టులో పులిచింతలలో గేటు పోయింది. 2024 ఆగస్టులో తుంగభద్రలో పంతొమ్మిదో గేటు గొలుసు తెగింది. అప్పుడు గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు పారే నీళ్ళలోనే స్టాప్‌లాగ్‌లు, అంటే గేటు బదులు అడ్డంగా పేర్చే ఉక్కు పలకలు, దింపించి ఆపారు, టీవీల్లో అందరం చూశాం.

డ్యామ్ అంటే మనకి కనపడేది కాంక్రీటు గోడ. అది ఊరికే పోదు. ముందు దెబ్బతినేవి కదిలే భాగాలు: గేటు, దాని గొలుసో రోపో, రబ్బరు సీలు, బేరింగు, మోటారు. వీటికి ఏటా గ్రీజు పెట్టాలి, తుప్పు గీకి రంగు కొట్టాలి, వానాకాలం ముందు ఎత్తి దించి చూడాలి. ఇవన్నీ చిన్న ఖర్చులు, అందుకే బడ్జెట్లో ముందు కోత వీటికే పడుతుందని నా అనుమానం. ప్రారంభోత్సవానికి వచ్చినంతమంది గ్రీజు పెట్టేరోజు రారు. 2021లో కేంద్రం డ్యామ్ సేఫ్టీ చట్టం తెచ్చింది, వానల ముందూ వానల తరవాతా తనిఖీ చెయ్యాలని అందులో ఉంది. కాగితం మీద బాగానే ఉంది.

సోమశిల విషయంలో గేట్లకన్నా ఎక్కువ మాట్లాడుకోవాల్సింది ఆప్రాన్ గురించి. గేట్లు ఎత్తినప్పుడు అంత ఎత్తు నుంచి పడే నీళ్ళు నదిని తవ్వెయ్యకుండా కింద వేసే కాంక్రీటు పరుపు అది. 2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. 19వ తేదీన పైన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్ళన్నీ పెన్నలోకి, పెన్న నుంచి సోమశిలకి. 5 లక్షల క్యూసెక్కులు దాటి వదలాల్సి వచ్చింది. ఆ సంఖ్య పేపర్లో చదివి పేజీ తిప్పేస్తాం గానీ ఒక్కసారి లెక్క కట్టి చూడండి. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. 5 లక్షలంటే రోజుకి 43 టీఎంసీలు. అంటే మా 78 టీఎంసీల రిజర్వాయర్ పూర్తిగా ఖాళీగా ఉన్నా సరే, ఆ వరద రెండు రోజులు తిరక్కుండా నింపేస్తుంది. అందుకే "ముందే ఖాళీ చేసి ఉంటే వరద వచ్చేదే కాదు" అని టీకొట్టు దగ్గర అనే మాటలో సగమే నిజం. ముందే కొంత ఖాళీ పెట్టుకుంటే దెబ్బ తగ్గుతుంది, ఆగదు. అలాగని చూస్తూ కూర్చోవాలనీ కాదు, పైనున్న ప్రాజెక్టుల నుంచి గంట గంటకీ కబురు రావాలి, ఆ కబురు కింద ఊళ్ళకి చేరాలి.

ఆ వరదకి సోమశిల కింద ఆప్రాన్ దెబ్బతింది, పక్కనున్న సోమేశ్వరాలయానికీ వరద తాకింది. దిగువన కోవూరు దగ్గర హైవే తెగి లారీలు బారులు తీరాయి, పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి మద్రాసు, విజయవాడ మధ్య బళ్ళు ఆగిపోయాయి. మా నెల్లూరులో పెన్న ఒడ్డు కాలనీల వాళ్ళు మేడలెక్కి కూర్చున్నారు. డ్యామ్ గోడ నిలబడింది, అది గొప్పే. కానీ కింద పరుపు బలంగా లేకపోతే ఒక్కో వరదకీ నీళ్ళు కొంచెం కొంచెం వెనక్కి, గోడ పునాది వైపు, తవ్వుకుంటూ వస్తాయి. వెళ్ళినప్పుడు గేట్లకేసి కాకుండా వాటి కిందకి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, అంటే పిల్లల్ని తీసుకెళ్ళే వాళ్ళకి కావలసిన విషయం. నీళ్ళలో దిగొచ్చా? వద్దు. పైనా వద్దు, కిందా వద్దు.

పైన ఎందుకు వద్దంటే, రిజర్వాయర్ ఒడ్డు చెరువు ఒడ్డు లాంటిది కాదు. నీళ్ళు తగ్గుతున్న రోజుల్లో బయటపడే ఆ ఎర్ర నేల చూడ్డానికి గట్టిగా ఎండి, పెళ్ళలు పెళ్ళలుగా పగిలి ఉంటుంది, దాని కింద మోకాటి లోతు బురద. మా పెద్దోడు చెప్పులు విడిచి అటు నడవబోతే పుట్టి పక్కన వల దులుపుకుంటున్న ముసలాయన అక్కణ్ణించే కేకేశాడు: "అబ్బయ్యా, ఆడికి పోబాక, కాలు దిగబడితే రాదు." మేం దగ్గరికెళ్ళి మాట్లాడాం. చేతిలో ఉన్న తెడ్డు కర్రని ఒడ్డుకి రెండడుగుల ఇవతల గుచ్చి చూపించాడు. పైన ఆరిన పొర చిన్న చప్పుడు చేసి విరిగింది, ఆ తరవాత కర్ర ఏ అడ్డూ లేకుండా మోచెయ్యి లోతుకి దిగిపోయింది, తీస్తే నల్లటి ఒండ్రు అంటుకుని వచ్చింది. పిల్లలకి నేను ఎంత చెప్పినా ఎక్కనిది ఆ కర్రతో ఎక్కింది. ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. లోపల పాత చెట్ల మోళ్ళు, మునిగిన ఊళ్ళ గోడలు, పాత బావులు ఉంటాయట, వలలు వాటికే తగులుకుని చినుగుతాయట. వల తగులుకునే చోట కాలు తగులుకోదా? అదీగాక నడుము లోతు ఉందనుకుని ఇంకో అడుగు వేస్తే పాత వాగు గాడిలో పడొచ్చు, అక్కడ ఈత వచ్చినవాడికీ రానివాడికీ పెద్ద తేడా ఉండదు.

కింద ఇంకా ప్రమాదం. డ్యామ్ దిగువన బండల మధ్య మడుగులు కట్టి, నీళ్ళు అద్దంలా తేటగా, చీలమండ లోతులో కనపడతాయి. ఫొటోలకి అంతకన్నా మంచి చోటు ఉండదు. సరిగ్గా అందుకే అక్కడికి పోకూడదు. పైన ఎండ కాస్తుండొచ్చు, ఎక్కడో కడపలోనో అనంతపురంలోనో వాన పడి ఉండొచ్చు, గేటు ఎత్తడానికీ మీకు కనపడే మబ్బుకీ సంబంధం ఉండదు. కరెంటు తీసే డ్యామ్‌ల దగ్గరైతే అసలు వానతో కూడా పని లేదు. సాయంత్రం అందరిళ్ళలో లైట్లూ ఏసీలూ వేసుకునే వేళకి కరెంటు పంచే గ్రిడ్ నుంచి కబురు వస్తుంది, టర్బైన్లు తిరుగుతాయి, నిమిషాల్లో నది మారిపోతుంది, గ్రిడ్‌కి కరెంటు వద్దనుకున్నప్పుడు ఆ నీళ్ళు గేట్ల నుంచి కూడా రావొచ్చు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో జరిగింది అదే. హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు బండల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు, పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు, 24 మంది విద్యార్థులు పోయారు. ఆ వీడియో చూసినవాళ్ళు ఏ డ్యామ్ కింద బండ మీదా నిలబడలేరు. సైరన్ వేస్తారు కదా అంటారు. వేస్తారు. నీళ్ళ హోరులో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, బ్లూటూత్ స్పీకర్ పక్కన పెట్టుకుని ఉన్నవాడికి ఆ సైరన్ ఏం వినపడుతుంది?

నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. మేం తిరిగిన మేర హెచ్చరిక బోర్డులు చాలా తక్కువ, ఉన్న ఒకటి రెండూ అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. "ప్రమాదం, నీళ్ళలో దిగరాదు" అని రాస్తే సరిపోదు. ఎందుకు దిగకూడదో ఒక్క వాక్యం రాయండి, గేట్లు ఎత్తితే ఇక్కడ ఎంత ఎత్తున నీళ్ళు వస్తాయో ఒక స్తంభం మీద ఎర్ర గీత గియ్యండి. మనిషి నెత్తికి పైన ఉన్న గీత చూస్తే చదువు రానివాడు కూడా వెనక్కి వస్తాడు. దానికి పెద్ద ఖర్చేం కాదు.

శ్రీశైలంతో పోల్చి చెప్పమని మా ఆవిడ అంటోంది, అదీ చెప్తా, ఎందుకంటే ప్రకాశం వాళ్ళు మార్కాపురం, దోర్నాల మీదుగా ఎక్కువగా పోయేది దానికే. డ్యామ్‌గా చూస్తే శ్రీశైలం ముందు సోమశిల చిన్నపిల్ల. అది ముఖ్యంగా కరెంటు కోసం కట్టింది, కుడివైపు 770 మెగావాట్లు, ఎడమవైపు భూమి లోపల 900 మెగావాట్లు. నల్లమలలో ఘాట్ రోడ్డు దిగుతుంటే గేట్లు ఎత్తిన రోజుల్లో ఆ తుంపర కారు అద్దం మీద పడుతుంది. పాతాళగంగకి రోప్‌వే ఉంది, బోటు ఉంది, తినడానికి ఉండడానికి అన్నీ ఉన్నాయి. జనం కూడా అలాగే ఉంటారు, గేట్లు ఎత్తారని టీవీలో వచ్చిందంటే దోర్నాల నుంచే ట్రాఫిక్. భద్రత సంగతంటారా, దాని కష్టాలు దానికున్నాయి. 2009 అక్టోబరు వరదకి డిజైన్ చేసినదాన్ని మించి 25 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చి నీళ్ళు 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి పైకి ఎక్కాయి, గేట్ల కింద నీళ్ళు పడే చోట పెద్ద గొయ్యి పడి దాని గురించి ఇప్పటికీ నిపుణులు వచ్చి చూసిపోతూనే ఉన్నారు, 2020 ఆగస్టులో ఎడమగట్టు పవర్‌హౌస్‌లో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. ఇంకో తమాషా ఏంటంటే ఆ శ్రీశైలం నీళ్ళే పోతిరెడ్డిపాడు, బానకచర్ల, వెలుగోడు మీదుగా చుట్టూ తిరిగి మా సోమశిలకి వస్తాయి, ఇక్కణ్ణించి కండలేరు, అక్కణ్ణించి పూండి, అక్కణ్ణించి మద్రాసు కుళాయిల్లోకి. తెలుగుగంగ అంటే ఇదే. కాబట్టి ఆ తమిళనాడు కుర్రాళ్ళు బోటు దొరక్కపోయినా వాళ్ళింటి నీళ్ళని చూసి పోయారు.

బోటింగ్ గురించి రెండు మాటలు. సోమశిలలో మేం వెళ్ళిన రోజు లేదు. ఎవరో పుట్టిలో తిప్పుతామని అడిగారు, మనిషికింతని. వద్దన్నాం. మా అక్క పిల్లలకన్నా ముందు తనే వద్దంది. ఒంగోలు వాళ్ళకి దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. 2017 నవంబరు 12, కార్తీక మాసం ఆదివారం, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద కృష్ణలో బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఒంగోలు నుంచి హారతి చూడ్డానికి వెళ్ళినవాళ్ళే. అనుమతి లేని బోటు, పరిమితికి మించిన జనం, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. ఆ తరవాత 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో బోటు మునిగింది. ప్రతిసారీ కొన్నాళ్ళు తనిఖీలు, ఆ తరవాత మామూలే.

అందుకని ఎక్కడ బోటెక్కినా నేను జాకెట్ చూడందే ఎక్కను. వేరే జిల్లాలో ఒక రిజర్వాయర్ దగ్గర ఒకతను ఇచ్చిన జాకెట్ చెప్తా. బయటికి నారింజ రంగు నిగనిగలాడుతోంది. చేత్తో నొక్కితే లోపల ఫోమ్ పలకలు పొడిపొడిగా చప్పుడవుతున్నాయి, మూడు క్లిప్పుల్లో ఒకటి విరిగి దాని బదులు ప్లాస్టిక్ తాడుతో ముడి వేసి ఉంది. మా పాపకి తొడిగి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ మొత్తం చెవుల దాకా వచ్చేసింది. నీళ్ళలో పడితే పిల్ల కిందికి, జాకెట్ పైకి. పిల్లల సైజు లేవా అంటే "తాడు గట్టిగా కడతాం సార్, ఏం కాదు" అన్నాడు. దిగొచ్చేశాం. తిరిగి డబ్బులివ్వడానికి నసిగాడు, పోతే పోనీ అనుకున్నాం. ఈ భుజాలు పట్టి లాగి చూడ్డం మాత్రం అందరూ చెయ్యండి, పది సెకన్ల పని. జాకెట్ గడ్డం దాటి పైకి రాకూడదు. వచ్చిందంటే ఆ బోటు మీకు కాదు. అలాగే బోటులో ఎంతమంది ఎక్కాలో రాసి ఉందా, గేట్లకి దూరంగా తిరుగుతున్నాడా, గాలి లేస్తే వెనక్కి వస్తాడా, ఇవి అడగండి. చుట్టూ కొండలున్న రిజర్వాయర్లలో మధ్యాహ్నం దాటాక గాలి హఠాత్తుగా లేస్తుంది, అప్పటిదాకా పళ్ళెంలా ఉన్న నీళ్ళు అలలు కొడతాయి. మొహమాటపడితే మనకే నష్టం.

ఇక తిండి. మంచి మాట చెప్పే చోటు ఇది. డ్యామ్ దగ్గర పెద్ద హోటళ్ళేం లేవు. రేకుల షెడ్డు లాంటి చిన్న హోటల్లో చేపల పులుసు అన్నం తిన్నాం. రిజర్వాయర్ బొచ్చె, పొద్దున పట్టిందేనన్నారు, ముక్క చూస్తే నిజమే అనిపించింది, ముల్లు నుంచి ముక్క తెల్లగా పొరలు పొరలుగా విడిపోయింది గానీ పిండిపిండిగా అవలేదు. నెల్లూరు పద్ధతిలో పుల్లమామిడి ముక్క వేశారు, పైన మెంతుల వాసన, నూనె తేలి ఎర్రగా. కారం మాత్రం మామూలుగా లేదు, పిల్లలకి పెరుగన్నమే గతి. మా బావ రెండోసారి అన్నం పెట్టించుకుని "గేట్ల సంగతేమో గానీ పులుసు మాత్రం మీదే గెలిచింది" అన్నాడు. ఆయన నోటి నుంచి నెల్లూరుకి ఆ మాత్రం రావడం గొప్పే. రేటు సబబుగానే ఉంది. అయితే ముందే చెప్పి పెట్టుకోండి, జనాన్ని బట్టి వండుతారు, రెండు దాటితే అయిపోతుంది.

మిగతా సదుపాయాలకి మార్కులు వెయ్యాలంటే చెయ్యి రావడం లేదు. ఆడవాళ్ళు వాడుకునేలా ఉన్న టాయిలెట్ మాకు కనపడలేదు, ఆత్మకూరులోనే చూసుకుని బయల్దేరండి. నీడ తక్కువ. కూర్చోడానికి చెట్టు కిందే. కట్ట మీదికి మమ్మల్ని వదల్లేదు, అది మాత్రం నాకు తప్పనిపించలేదు, డ్యామ్ పైన జనం విచ్చలవిడిగా తిరగడం ఎవరికీ మంచిది కాదు. దూరం నుంచి చూడ్డానికి ఒక ఎత్తయిన చోటు, రెయిలింగ్, నాలుగు బెంచీలు కట్టిస్తే అటు భద్రతా ఉంటుంది, ఇటు చూసేవాళ్ళకీ తృప్తి. మొత్తమ్మీద చూడ్డానికి అయిదుకి నాలుగు, తిండికి నాలుగున్నర, సదుపాయాలకి ఒకటిన్నర, హెచ్చరికలకి ఒకటి. ఆ ఒకటీ పుట్టి పక్కన కూర్చున్న ముసలాయనకి.

రోజంతా చేతిలో ఉంటే కండలేరు కూడా కలుపుకోవచ్చు. సోమశిల నుంచి వరద కాలువ అటే పోతుంది. రాపూరు వైపు పెంచలకోనలో నరసింహస్వామిని చూసుకుని కండలేరుకి వెళ్తే సాయంత్రం అవుతుంది. అది 68 టీఎంసీలది, దాదాపు 11 కిలోమీటర్ల మట్టికట్ట, కారులో పక్కనే పోతుంటే ఎంతకీ తరగదు. సోమశిలలో కాంక్రీటూ గేట్లూ చూసిన కళ్ళకి ఇది వట్టి మట్టిదిబ్బలా అనిపిస్తుంది, కానీ మట్టికట్టకి దాని జాగ్రత్తలు దానికున్నాయి. కట్ట మీద చెట్లు మొలవనివ్వకూడదు, వేళ్ళు లోపల దారులు చేస్తాయి. కింద ఎక్కడైనా నీళ్ళు ఊరుతుంటే అవి తేటగా ఉన్నంతవరకూ ఇంజినీర్లు కొలుచుకుంటూ ఉంటారు, మట్టి రంగులో వస్తే మాత్రం పరుగులు పెట్టాలి, లోపల్నుంచి కట్ట కరుగుతోందని అర్థం. ఇది మీరు ఏ ఊరి చెరువు కట్ట దగ్గరైనా చూడొచ్చు, చూస్తే వెంటనే పంచాయతీలో చెప్పండి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు, నవంబరు మా జిల్లాకి తుపాన్ల కాలం, గేట్లు ఎత్తితే చూడ్డానికి బాగుంటుందని ఆ నెలల్లో పిల్లల్ని వేసుకుని రాకండి, అప్పుడు ఆ రోడ్డు మీద అధికారులకీ అంబులెన్సులకీ దారి కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండకి ఆ బండలు కాలిపోతుంటాయి. బయల్దేరే ముందు పేపర్లో జలాశయాల నీటిమట్టాలు వేస్తారు, ఇన్‌ఫ్లో (వచ్చే నీళ్ళు), అవుట్‌ఫ్లో (వదిలే నీళ్ళు) అని రెండు అంకెలుంటాయి. అవుట్‌ఫ్లో ముందు రోజుకన్నా పెరుగుతూ ఉంటే ప్రయాణం వచ్చే వారానికి పెట్టుకోండి. పెట్రోలు మాత్రం ఆత్మకూరులోనే కొట్టించుకోండి.